ఊపిరియు ప్రతినాదమును

శబ్దము తాను పుట్టిన చోటును విడిచి రాదు. చెవి గలవానికి స్వరముతోపాటు ఆ స్వరము పలికిన గది, గోడ, కప్పు, ఆరుబయలు అన్నియు వినవచ్చుచుండును. రాతిమంటపమున పాడిన కీర్తనకును తాటాకు పందిరి క్రింద పాడిన కీర్తనకును గల భేదము గాయకుని గొంతులోనిది కాదు. అది రాతిదియు తాటాకుదియు. ఈ సత్యమును మనవారు పూర్వమునుండియు నెరుగుదురు. కాని యిప్పుడు మంటపము కట్టకయే మంటపమును వాద్యములోని యొక మీట త్రిప్పి తెచ్చుకొను కాలము వచ్చినది. ఆ మీట నెంతవరకు త్రిప్పవలెను, ఎందులకు త్రిప్పవలెను అను ప్రశ్న మా యింటిలో నొక యేడాదిగా నలుగుచున్నది. అది సంగీతమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదని తోచినందున చదువరుల ముందుంచుచున్నాము.

మేముండునది పులికాటు సరస్సునకు పడమటి దిక్కున. ఉప్పు కలిసిన నీటి సరస్సులలో చిలుక సరస్సు తరువాత మనదేశమున నింత పెద్దది వేరొకటి లేదు. సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి యడ్డముగా పరుండియున్నది. సూళ్లూరుపేట, తడ ప్రాంతములు 2022 వ సంవత్సరమున నెల్లూరు జిల్లానుండి విడివడి తిరుపతి జిల్లాలో చేరినవి. ధ్వనిని గూర్చి యాలోచించుటకు మా ప్రాంతము మిక్కిలి యనువైనది. భీములవారిపాళెమున పడవ యెక్కి ఇరకము దీవికి పోవునప్పుడు పడవవాడు పెట్టిన కేక ముందునకు పోవును గాని మరలి రాదు. దానిని త్రిప్పి పంపుటకు గోడ లేదు, కొండ లేదు. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునప్పుడు మొదట వెలుగు కనబడును. పదునేడు కిలోమీటర్ల దూరమున నిలిచినవారికి ఇంచుమించు 50 సెకండ్లకు గాని యురుము వినబడదు. చలికాలపు రాత్రులయందు నీటిని తాకు గాలి చల్లబడి, దానిపై గాలి వెచ్చగా నుండుటచే, ధ్వని పైకి పోక క్రిందికి వంగి దూరము ప్రాకును. అప్పుడు దూరపు పల్లెలోని పెండ్లి సన్నాయి మా మిద్దెమీదికి స్పష్టముగా వినవచ్చును. అయినను అది పొడిగానే వచ్చును. దానివెంట నే గదియు రాదు.

ఇచ్చట రెండు మాటలకు భేదము చెప్పవలెను. దూరముననున్న గోడను తాకి, మొదటి ధ్వని ముగిసిన పిమ్మట వేరుగా తిరిగి వచ్చునది ప్రతిధ్వని. గోడ పదునేడు మీటర్లకు తక్కువ కాని దూరమున నున్నగాని యది చెవికి విడిగా తోచదు. ఏలయన రాకపోకల కప్పుడే సెకండులో పదవ వంతు పట్టును. గోడలు దగ్గరగా నున్నప్పుడు వేలకొలది ప్రతిధ్వను లొకదానిపై నొకటి పడి, విడదీయరాని తోకవలె స్వరము వెంట సాగును. దానికి శాస్త్రజ్ఞులు ప్రతినాదమని పేరు పెట్టిరి. వాద్యముల యంగళ్లలో దానినే రివర్బు అందురు. ధ్వని తన బలములో పదిలక్షవ వంతునకు తగ్గుటకు పట్టు కాలమే ప్రతినాదకాలము.

దీనిని మొట్టమొదట కొలిచినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి వాలెస్ సాబైన్. 1895 వ సంవత్సరమున అచ్చటి ఫాగ్ కళావస్తుప్రదర్శనశాలలోని నూతనోపన్యాసమందిరమున ఉపన్యాసకుని మాటలు ఒక్కటియు తెలియకున్నవని మొరలు పుట్టగా, ఈ యువాచార్యుని కా పని యప్పగించిరి. ఆతడు ఆర్గన్ గొట్టము నొకదానిని మ్రోగించి, గడియారము చేతబట్టి, రాత్రులయందు పరీక్షించి చూడగా ధ్వని అయిదున్నర సెకండ్లు నిలుచుచుండెను. అనగా ఉపన్యాసకుడు పలికిన మొదటి మాట చావకముందే పది పదునైదు మాటలు దానిపై పడుచుండెను. వేరొక నాటకశాలనుండి మెత్తలను మోయించి తెచ్చి పరచిన కొలదియు నా కాలము తగ్గినది. దానినిబట్టి యాతడు సాధించిన సూత్రము చాల సులభము: గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని 0.161 చే గుణించి, గదిలో ధ్వనిని త్రాగు వస్తువుల మొత్తముచే భాగించిన ప్రతినాదకాలము సెకండ్లలో వచ్చును. తెరచిన కిటికీ ధ్వనిని పూర్తిగా పోనిచ్చును గనుక ఒక చదరపు మీటరు కిటికీయే త్రాగుటకు కొలబద్ద.

లేని గదిని కల్పించుట యటుపిమ్మట వచ్చినది. 1947 లో షికాగో నగరమున బిల్ పట్నం అను ధ్వనిముద్రకుడు హార్మోనికాట్స్ అను మువ్వురు నోటివాద్యగాండ్ర పాటకు స్నానపుగదిని ప్రతినాదశాలగా వాడెను. ఊపిరితో పలికెడి వాద్యమున కరువు తెచ్చిన ప్రతినాదము నంటించుట ప్రసిద్ధి కెక్కినది అప్పటినుండియే. 1957 లో జర్మనీవారు పెద్ద యుక్కురేకును వ్రేలాడదీసి, దానిని కంపింపజేసి, ఆ కంపమునే మంటపముగా నమ్మించిరి. 1960 ల తొలి యేండ్లలో బెల్ పరిశోధనశాలయందు మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ గదియు రేకును లేకుండ లెక్కలతోనే ప్రతినాదమును పుట్టించు మార్గము చూపెను. నాడు పెద్ద యంత్రములు చేసిన యా లెక్క నేడు గోరంత పలుకులో నిమిడి, మూరెడు వాద్యము కడుపులో కూర్చున్నది.

విద్యుత్ గాలివాద్యము సంగతి తెలియనివారికై రెండు మాటలు. దీనిలో గాలి మ్రోగదు. ఊదిన యూపిరి బలమును ఒక సూక్ష్మయంత్రము కొలిచి చెప్పును. వ్రేళ్లు తాకిన చోట్లను మీటలు తెలుపును. ఆ రెంటినిబట్టి లోపలి యంత్రము స్వరమును కల్పించి స్పీకరునకో, చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనునకో పంపును. 1970 ల తొలి యేండ్లలో అమెరికాలో లిరికాన్ అను వాద్యము వచ్చినది. 1987 లో జపానుదేశపు అకాయ్ సంస్థ నైల్ స్టైనర్ కల్పనను, యమహా సంస్థ తన కల్పనను విపణికి తెచ్చినవి. 2016 లో రోలండ్ సంస్థ ఏరోఫోను పేర మరియొకటి వెలువరించినది. ఇట్టివానిలో పెక్కింట ప్రతినాదము, డిలే, కోరస్ అను మూడు పరికర్మలును చేర్చబడియున్నవి. వానిని సవరించుకొనుట వాద్యకారుని పని.

మా తమ్ముని కుమార్తెకు సన్నాయిమీద మనసు పోయినది. పదునాలుగేండ్ల పిల్ల. ఇంటిలోనే కొందరు పెద్దలు, "ఆడపిల్ల సన్నాయి యూదుటయా? అది మన కులవిద్యయా?" అనిరి. ఈ రెండు ప్రశ్నలకును మా సమాధాన మొక్కటియే: విద్యకు ఆడ మగ భేదము లేదు, కులము లేదు. ప్రకాశము జిల్లా కరవదిలో పుట్టి నాదస్వరమున సంగీతకళానిధియైన షేక్ చినమౌలానాగారు ముసల్మానులు. కలీషాబీ మహబూబుగారు స్త్రీ; భర్త షేక్ మహబూబు సుభానీగారితో కూర్చుండి నాదస్వరము వాయించుచు, ఆయనతోపాటు 2020 లో పద్మశ్రీ నందుకొన్నారు. పిల్లకు చూపుటకు ఇంతకు మించిన మార్గదర్శకు లేల? అయితే మా వీధి యిరుకు. సన్నాయి ధ్వని యారుబయలుకొరకు పుట్టినది. ప్రొద్దున నాలుగింట సాధన చేసిన వీధి యంతయు మేల్కొనును. అందుచే మొదటి మెట్టుగా విద్యుద్వాద్యమును కొని, హెడ్‌ఫోను పెట్టుకొని సాధన చేయుమంటిమి. సన్నాయిలో నలువదియేండ్ల యనుభవము గల యొక పెద్దను వారమున కొకమారు వచ్చి చెప్పుడని వేడుకొంటిమి. ఆయనను ఊరివారు చాలమంది నీవనియే పిలుతురు. మా యింట అందరును మీరనియు, పిల్ల గురువుగారనియు పిలుచుచున్నాము.

వాద్యము అంగడినుండి వచ్చునప్పటికే దానిలో ప్రతినాదము నిండుగా పెట్టియున్నది. అది వ్యాపారధర్మము, అంగడిలో రెండు నిమిషము లూదిచూచువాడు ముగ్ధుడు కావలెను గదా. మా పిల్ల ఊదిన మొదటి షడ్జమమే గోపురమంత యెత్తు లేచి, మెల్లమెల్లగా కరగి, ఇల్లెల్ల నిండినది. మేమందరమును చేతులు తట్టితిమి. మూడు వారములలో నామె మోహనము, హంసధ్వని ఊదుచున్నదని బంధువులకు వినిపించుటయు జరిగినది. గురువుగారు మాత్రము కన్నులు మూసికొని విని, చాలసేపు పలుకలేదు. పిమ్మట, "అమ్మా, ఆ గుడి తీసేసి ఒకసారి ఊదు తల్లీ" అన్నారు.

పిల్లకు మొదట తెలియలేదు. ప్రతినాదమునే ఆయన గుడి యనుచున్నారని మేము గ్రహించి మీటను సున్నకు త్రిప్పితిమి. ఆమె మరల నూదినది. స్వరము మొదట తడబడినది, నడుమ వణకినది, చివర తెగిపోయినది. మోహనములోని గాంధారము చోట చేరకముందే ధైవతమునకు తొందర కనబడినది. ఇంతకాలము తోకలచాటున దాగిన లోపము లన్నియు పట్టపగలు బయటికి వచ్చి నిలుచున్నవి. పిల్ల ముఖము వాడిపోయినది. రెండు దినములు వాద్యమును తాకలేదు. "నాకు రాదు, ఇన్నాళ్లు ఊదినది నేను కాదు, యంత్రము" అని యేడ్చినది. పెద్దలలో నొకరు, "మంచి ధ్వనిని ఎందుకు పాడుచేసికొనవలెను? మరల పెట్టుకొమ్మనుడు" అనికూడ అనిరి. ఆ మాట వినియుండిన పిల్లకు ఆనందము కలిగియుండును. విద్య మాత్రము కలిగియుండదు.

మూడవనాడు గురువుగారు తామే వచ్చిరి. పిల్లను చెంత కూర్చుండబెట్టుకొని, "చిన్నప్పుడు మా నాయన నన్ను చెరువుకట్ట మీద నిలబెట్టి ఊదించినాడమ్మా. ఎదర గోడ లేదు. ఊదినది ఊదినట్టే పోతుంది. నీ ఊపిరి ఒంటిగా నిలబడిన నాడు దానికి గుడి కట్టుకో" అన్నారు. నాటినుండి షడ్జమ మొక్కటి నెల దినములు, ప్రతినాదము లేకుండ, పది లెక్కించువరకు, పిమ్మట ఇరువది లెక్కించువరకు సాగినది. ఇప్పుడా పిల్ల పొడి షడ్జమము చిన్నదే. కాని యది యామెది.

ఈ యేడాది సవరణలలో తేలిన సంగతులు ఇతర గృహముల పిల్లలకు నుపకరించునని వ్రాయుచున్నాము. అన్నిటికంటె ముందు సవరింపవలసినది ఊపిరికొలత. మెల్లగా నూదినను స్వరము పలుకవలెను, గట్టిగా నూదినప్పుడు పెరుగుటకు చోటుండవలెను. తరువాత శ్రుతి. ఈ వాద్యములు స్థాయిని పండ్రెండు సమభాగములుగా విభజించును. మన గమకము ఆ మెట్లమీద నడువదు, మెట్లనడుమ జారును. కొన్ని వాద్యములలో బొటనవ్రేలి ప్రక్కనున్న పలకచేతను, కొన్నింటిలో పండ్లతో నోటికొనను నొక్కుటచేతను స్వరమును వంచవచ్చును. ఆ వంపు అర్ధస్వరము మాత్రమా, పూర్ణస్వరము వరకా యను హద్దును ముందే కట్టుకొనవలెను. ఈ రెండును నిలిచిన పిమ్మటగాని ప్రతినాదమును తాకరాదు.

ప్రతినాదమున రెండు కొలతలు ముఖ్యములు: ఎంతసేపు, ఎంతపాలు. వేగముగా స్వరములు వేయునప్పుడు సెకండున కెనిమిది స్వరములు పలికెదమనుకొందము. ప్రతినాదము రెండు సెకండ్లున్నచో ఒక్కొక్క స్వరముమీద వెనుకటి పదునారు స్వరముల శేషము పడియుండును. అది రాగము కాదు, రొద. కావున వేగమునకు సెకండునకు లోబడియు, విలంబమైన ఆలాపనకు ఒకటిన్నర రెండు సెకండ్లకు మించకయు నుంచుట మేలు. పాలు నూటికి పది పదునైదు చాలును. స్వరమునకును దాని తోకకును నడుమ సెకండులో నలువదవ వంతు ఎడము పెట్టిన స్వరము మొదలు తేటగా వినబడును. తోకలోని మంద్రధ్వనిని కొంత తగ్గించిన బురద తేరును. పరీక్ష యొక్కటియే: ఉన్నప్పుడు ఉన్నదని తోచరాదు, తీసివేసినప్పుడు లోటు తోచవలెను.

డిలే యనునది ప్రతినాదము కాదు, విడిగా వినబడు ప్రతిధ్వని. నిమిషమునకు ఎనుబది దెబ్బల తాళమైనచో దెబ్బకు దెబ్బకు నడుమ ముక్కాలు సెకండు. డిలేను దానికో, దానిలో సగమునకో సరిపెట్టనిచో నది తాళమునకు శత్రువగును. సరిపెట్టినను కల్పనాస్వరముల కది పనికిరాదని మా యనుభవము. ఇక కోరస్ అనునది ఒక స్వరము ప్రక్కన కొంచెము శ్రుతి తప్పిన నీడలను చేర్చి గుంపువలె వినిపించుట. శ్రుతికొరకు ప్రాణమిచ్చు మన సంగీతమున శ్రుతితప్పుదలనే యలంకారముగా ధరించుట తగునా? గురువుగారు దానిని విన్నవెంటనే, "ఒత్తు పట్టేవాడికి నిద్ర వచ్చినట్టుంది" అని నవ్విరి. మేము దానిని తీసివేసితిమి.

అన్నిటికంటె మరచునది యేమనగా, గది యప్పటికే యున్నదనుట. మా ప్రాంతపు కల్యాణమండప మొకటి యిరువది మీటర్ల పొడవు, పండ్రెండు వెడల్పు, ఆరు ఎత్తు అనుకొందము. నేల నున్నని రాయి, గోడలు సున్నము. సాబైన్ సూత్రముచే లెక్కించిన, ఖాళీగా నున్నప్పు డందులో ధ్వని అయిదు సెకండ్లకు పైగా నిలుచును, ఫాగ్ మందిరమువంటిదే. మున్నూరుమంది వచ్చి కూర్చుండినచో ఒక్కొక్కరు అర చదరపు మీటరు తెరచిన కిటికీతో సమానమగుదురు; ప్రతినాదము ఒకటింబావు సెకండునకు దిగును. ఉదయమున ఖాళీ మండపమున మీటలు సవరించి పోవువాడు ఈ లెక్క నెరుగడు. పొంగి పొరలుచున్న కుండలో నింకొక చెంబు పోయువానివలె వాద్యములోని ప్రతినాదమును కూడ నిండుగా త్రిప్పును. మండపమున మీటను సున్నకు తేవలెను. సరస్సుతీరమున ఆరుబయట మాత్రము కొంచెము పెట్టుకొనవచ్చును. మెత్తలకంటె, తెరలకంటె ధ్వనిని శాంతింపజేయునది మనుష్యుడు.

మనుష్యుని మాట వచ్చినది గనుక, సూత్రములకు లొంగని సంగతి యొకటి చెప్పవలసియున్నది. కడచిన వైశాఖమున నొక పెండ్లికి పోయితిమి. ఎవరిదో చెప్పుట యనవసరము. వేదికమీద విద్యుద్వాద్యగాడు పట్టుపరుపుపై కూర్చుండి, ఆకాశమంత ప్రతినాదముతో సినిమాపాటలు వాయించుచుండెను. మాంగల్యధారణ సమయమునకు మాత్రము సన్నాయి, డోలు కావలెను గదా. వారిని ద్వారముదగ్గర చెప్పులు విడుచుచోట చాపవేసి కూర్చుండబెట్టిరి. గెట్టిమేళమను కేక రాగానే వాయించిరి, ఆగుమనగానే ఆగిరి. భోజనము పంక్తులన్నియు లేచిన పిమ్మట. యంత్రములో పుట్టిన ధ్వనికి విశాలమైన మందిరము నిచ్చుటకు వేలు వెచ్చించిన గృహస్థునకు, ఊపిరితో మంగళము పలికిన మనుష్యునకు ఒక కుర్చీ యిచ్చుటకు మనసు రాలేదు. అనేక దేవాలయములలో సైతము గంటయు డోలును మోటారుతో తమంత తామే మ్రోగుచున్నవి. మోటారునకు కూలి యక్కరలేదు, ఆకలి లేదు. కాని హారతివేళ దేవుని కెదుట నిలుచుటకు ఆ కుటుంబములకుండిన యొక్క చోటును పోవుచున్నది.

యంత్రమును నిందించుట మా యభిప్రాయము కాదు. ఆ యంత్రము లేకున్న మా పిల్లకు సాధనయే లేదు. ఇరుగుపొరుగు లేవకుండ వేకువన ఊదుకొనుటకును, తన గొంతునకు తగిన శ్రుతిని మీట నొక్కి మార్చుకొనుటకును, ఆడపిల్ల యూదుచున్నదని తప్పుపట్టువారి చెవుల పడకుండ ధైర్యము వచ్చువరకు దాగి నేర్చుకొనుటకును అది తోడ్పడినది. ప్రతినాదముకూడ దోషము కాదు. మన రాతిమంటపములు నిండ నున్నది అదియే. దోష మెచ్చటననగా, లేని గొప్పను ధ్వనికి తొడిగి, ఉన్న గొప్పను మనుష్యునకు నిరాకరించుటయందు. మన సభలయందలి పొగడ్తలును, మన యిండ్లలోని పిల్లలకు మన మిచ్చు చప్పట్లును ఇట్టి ప్రతినాదమే. మితముగా నున్నచో వెచ్చదనము. మించినచో వారి లోపము వారికి వినబడకుండ చేయును.

వచ్చు మాఘమాసమున మా యింట శుభకార్య మున్నది. గురువుగారి మేళమును పిలిచితిమి. వేదిక నడుమ వారికి పరుపు వేయుటకును, మొదటి పంక్తిలో మాతో కూర్చుండి భుజించుటకును ఇంటివారందరిచేత నొప్పించితిమి. ఇద్దరు పెద్ద లింకను ముఖము చిట్లించుచునే యున్నారు. వారితో వాదము సాగుచున్నది. ఆ దినమున పిల్ల గురువుగారి ప్రక్కన కూర్చుండి మోహనము కొంచెమూదవలెనని ఆయన యాజ్ఞ. మండపమును కొలిచి చూచితిమి. అతిథుల సంఖ్యను లెక్కవేసితిమి. మీట సున్నలోనే యుండును.